కోటిపల్లి రైలుమార్గం: హాల్టు స్టేషన్ల మనుగడకు రైలే ఆధారం

గోదావరి డెల్టాలో కాకినాడ నుంచి కోటిపల్లి వరకు సుమారు 45 కిలోమీటర్ల పొడవున గల శాఖా రైలుమార్గం కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమీ తీరానికి చేరుతుంది. ద్రాక్షారామ భీమేశ్వరాలయానికి, కోటిపల్లి సోమేశ్వరాలయానికి వెళ్లే యాత్రికులతో పాటు మార్గమధ్యంలోని పల్లెల ప్రజల కోసం ఉద్దేశించిన మార్గమిది.

1928లో ప్రారంభమైన ఈ మార్గపు పట్టాలను రెండవ ప్రపంచ యుద్ధ అవసరాల నిమిత్తం 1940లో తొలగించారు. దానితో స్టేషన్లన్నీ నిరుపయోగమయ్యాయి. ఆరు దశాబ్దాల అనంతరం, అమలాపురం పార్లమెంటు సభ్యులు, లోక్‌సభ స్పీకరు శ్రీ జి.ఎం.సి. బాలయోగి కృషితో మార్గ పునరుద్ధరణ చేపట్టడం జరిగింది. 2002 మార్చిలో ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో మరణించగా, 2004లో మార్గం తిరిగి ప్రారంభమైంది. ప్రయాణికుల సంఖ్యకు తగినట్లు ఒకే పెట్టె గల రైలుబస్సును ఇక్కడ నడిపారు.

రైల్వే వర్గీకరణ ప్రకారం ఎ, బి, సి తరగతుల స్టేషన్లు బ్లాకు స్టేషన్లు. రైళ్ల రాకపోకల నియంత్రణ వాటి బాధ్యత. హాల్టు స్టేషన్లు డి తరగతికి చెందినవి. వీటికి సిగ్నళ్లతో గాని, రైళ్ల నియంత్రణతో గాని సంబంధం లేదు. ప్రయాణికులు ఎక్కి దిగేందుకు మాత్రమే రైలు ఆగుతుంది. అనేక హాల్టులలో కమీషను పద్ధతిపై ఏజెంట్లు టిక్కెట్లు విక్రయిస్తారు. అందువలన నిర్వహణ వ్యయం స్వల్పం. అయితే రైలు ఆగని రోజున హాల్టుకు వేరొక ప్రయోజనం ఉండదు, ఏజెంటుకు ఆదాయమూ ఉండదు.

కోవిడ్-19 కారణంగా 2020 మార్చిలో దేశవ్యాప్తంగా ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయినప్పుడు ఈ మార్గంలోనూ రాకపోకలు ఆగిపోయాయి. 1940లో పట్టాలు లేక మూతబడిన స్టేషన్లకు, 2020లో పట్టాలుండీ రైలు లేని పరిస్థితి ఏర్పడింది.

కోటిపల్లి నుంచి నరసాపురం వరకు 57 కిలోమీటర్ల కొత్త మార్గం 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై వంతెనలు ఇందులో ముఖ్యమైన పనులు. ఇది పూర్తయిన పక్షంలో కోటిపల్లి చివరి స్టేషనుగా మిగలక, కాకినాడకు, నరసాపురానికి నడుమ తీరప్రాంతపు రైలుమార్గం ఏర్పడుతుంది. అయితే దూరప్రాంత రైళ్లు సాధారణంగా హాల్టులలో ఆగవు. కావున పల్లెలకు ప్రయోజనం చేకూరాలంటే వంతెనల నిర్మాణంతో పాటు, ప్రతి హాల్టులోనూ ఆగే ప్యాసింజరు రైలు సైతం అవసరమన్నది గమనార్హం.