కావాలని చేయలేదంటే సరిపోతుందా?

కబడ్డీలో కూతకు వచ్చినవాడిని ఎవరో గొంతు పట్టి పడేస్తారు. వెంటనే వినబడే మాట, “కావాలని చేయలేదు.” మన పాలమూరు పల్లెల్లో సంక్రాంతికి ఇది కొత్త కాదు.

నియమాలు మాత్రం మనసును కాదు, పట్టును చూస్తాయి. గొంతు నొక్కడం, నోరు మూయడం, కాళ్లతో కత్తెర వేయడం తప్పే. పచ్చ కార్డు హెచ్చరిక. పసుపు కార్డుకు రెండు నిమిషాలు బయట. ఎర్ర కార్డుకు ఆ మ్యాచ్ అంతా బయటే.

2004 మార్చి 8న వాంకోవర్‌లో ఐస్ హాకీ ఆటలో టాడ్ బెర్టుజీ వెనుక నుండి కొట్టిన దెబ్బకు స్టీవ్ మూర్ మెడ ఎముకలు విరిగాయి. గాయపరచాలనే ఉద్దేశం లేదని బెర్టుజీ ఏడుస్తూ చెప్పాడు. మూర్ మళ్లీ ఆ లీగ్‌లో ఆడలేదు.

మోషే ధర్మశాస్త్రం ఉద్దేశాన్ని తప్పక అడుగుతుంది. గొడ్డలి ఊడి తగిలి పొరుగువాడు చనిపోతే, కొట్టినవాడు ఆశ్రయపురంలో బ్రతకవచ్చు (ద్వితీ. 19). అయినా ప్రధానయాజకుడు మరణించేవరకు ఇంటికి రాకూడదు (సంఖ్యా. 35). పగ లేదు గనుక మరణశిక్ష లేదు, ప్రాణం పోయింది గనుక ఏమీ జరగనట్టు తిరగడమూ లేదు. పోట్లాటలో మంచం పట్టినవానికి పని పోయిన దినాల సొమ్ము, వైద్యం ఖర్చు ఇవ్వాల్సిందే (నిర్గమ. 21).

అదే అధ్యాయంలో పొడిచే ఎద్దు సంగతి ఉంది. ముందే హెచ్చరించినా కట్టేయకపోతే యజమాని కూడా దోషి. క్రిస్మస్‌కు పోటీలు పెట్టే యౌవనస్థుల కమిటీలు, ఒకసారి గొంతు పట్టినవాడిని మళ్లీ బరిలో దింపేముందు, ఆ వచనం చదవాలి.