ఇత్తడి బిందె, తూటా డొల్ల – రెండింటికీ తోముడు ఒకటే

దసరా దగ్గర పడుతుందంటే అటక మీది ఇత్తడి సామానంతా కిందికి దిగుతుంది. దీపం కుందులు, తాంబాళాలు, గంగాళం, పుట్టింటి వాళ్ళు సారెలో పెట్టిన బిందెలు అన్నీ నల్లబడి, ఒక్కోచోట పచ్చగా కిలుము పట్టి ఉంటాయి. చింతపండు నానేసి, గుప్పెడు ఉప్పు కలిపి, కొబ్బరి పీచుతో రుద్దితే కాసేపట్లో తళతళలాడతాయి. ఈ పని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఆ చింతపండు ఏం చేస్తోంది, ఎంతసేపు ఉంచాలి, ఇత్తడికి అసలు తగలకూడనిది ఏది అని అడిగితే మాత్రం చాలామందిమి చెప్పలేం.

మా కందుకూరులో నాకు చెల్లెలు వరసయ్యే ఆమె కొడుకు హైదరాబాదులో రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్నాడు. మొన్న ఆమె వచ్చి, "అక్కా, బయటి దేశాల్లో తుపాకీ పోటీలవాళ్ళు పేలిన తూటాల డొల్లలు పారెయ్యరంట. కడిగి, తోమి, మళ్ళీ మందు నింపుకుంటరంట. మన బోళ్ళు తోమినట్టే తోముతరా?" అని అడిగింది. నవ్వులాటకు అడిగినా మంచి ప్రశ్నే. తెలుసుకుంటే మన వంటింటికి కూడా పనికొచ్చే సంగతులు అందులో బోలెడున్నాయి.

డొల్ల అంటే ఏమిటి?

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ముందు దూసుకుపోయే గుండు. లోపల మందు. అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న మూత, దాన్ని ప్రైమర్ అంటారు. ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టమే డొల్ల. తుపాకీ పేలితే గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ అయిపోతుంది. ఇత్తడి డొల్ల మాత్రం మసిబారి అలాగే మిగులుతుంది.

ఇత్తడినే ఎందుకు వాడతారంటే, పేలినప్పుడు అది కొంచెం ఉబ్బి తుపాకీ గొట్టానికి అతుక్కుని వేడి గాలి వెనక్కి రాకుండా ఆపుతుంది. వెంటనే మళ్ళీ కాస్త ముడుచుకుని తేలిగ్గా బయటికొస్తుంది. నూటికి డెబ్భై పాళ్ళు రాగి, ముప్ఫై పాళ్ళు జింకు కలిసిన ఇత్తడికి ఈ సాగే గుణం బాగా ఎక్కువ. డొల్లలు చేసే ఇత్తడి అదే. మన బిందెల్లోనూ ఉండేది ఆ రాగీ, ఆ జింకే. పాళ్ళు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, అంతే.

తుపాకీ ఆటలన్నిట్లోనూ డొల్లలు ఉండవు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కంచు పతకం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో ఇత్తడీ లేదు, మందూ లేదు. గాలి ఒత్తిడికి చిన్న సీసం గుండు పోతుంది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చిన మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్‌లో ఇత్తడి తూటా ఉంటుంది కానీ అది మరీ చిన్నది. నిప్పు పుట్టించే మందు దాని అడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి ఒకసారి పేలితే దాని పని సరి. మళ్ళీ నింపేది పెద్ద రైఫిళ్ళ డొల్లలనే. 300 మీటర్ల పోటీల్లోనూ, ఇంగ్లండులో బిస్లీ అనేచోట వెయ్యి గజాల దూరానికి కొట్టే పోటీల్లోనూ వాడేది అలాంటివే. డబ్బు ఆదా ఒక కారణమైతే, తన చేత్తో ప్రతి తూటా ఒకేలా నింపుకుంటే గురి నిలకడగా ఉంటుందన్నది రెండో కారణం.

మక్క బెండు, నిమ్మ ఉప్పు

నింపే ముందు డొల్లను శుభ్రం చెయ్యాల్సిందే. మసి, ఇసుక ఉంటే అచ్చులో పెట్టినప్పుడు గీతలు పడతాయి. అంతకన్నా ముఖ్యంగా, మురికి కింద సన్నటి నెర్రె ఉంటే కంటికి కనబడదు. నెర్రె ఉన్న డొల్ల మళ్ళీ పేలిస్తే చేతిలోనే ప్రమాదం. అందుకే వాళ్ళకు తోమడం అందం కోసం కాదు, పరీక్ష కోసం.

వాళ్ళు వాడేవి వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. ఒక పద్ధతిలో మక్క బెండ్లను నూకలా పట్టించి, లేదా అక్రోటు చిప్పల పొడి తీసుకుని, డొల్లలతో పాటు ఒక డబ్బాలో పోసి గంటల తరబడి మిషన్ మీద అదిలిస్తారు. మనం గింజలు ఒలుచుకుని పొయ్యిలో పెట్టే మక్క బెండ్లే! అవి ఇత్తడిని గీకవు, మురికిని మాత్రం రాలగొడతాయి. ఇంకో పద్ధతిలో సబ్బు నీళ్ళు, సన్నటి స్టీలు పుల్లలు వేసి తిప్పుతారు. మూడోది నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో కాసేపు నానబెట్టడం. ఇది అచ్చంగా మన చింతపండు పద్ధతే.

ఇత్తడి పైన నల్లగా కనబడేది గాలీ తేమా తగిలి లోహం మీద ఏర్పడిన పొర. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం ఉంటాయి. ఈ పులుపు ఆ పొరను కరిగిస్తుంది. కింద ఉన్న అసలు లోహం బయటపడుతుంది. అయితే పొర కరిగిపోయాక కూడా పులుపు ఊరుకోదు. అలాగే వదిలేస్తే ఇత్తడిలోంచి జింకును లాగేస్తుంది. అప్పుడు పసుపు పోయి గులాబీ రంగు మచ్చలు వస్తాయి. బిందె మీద అక్కడక్కడా రాగి రంగు తేలితే "నకిలీ ఇత్తడి" అనుకుంటాం గానీ, చాలాసార్లు అది పులుపు ఎక్కువసేపు ఉండిపోయిన గుర్తు. డొల్లలవాళ్ళు కూడా గులాబీ రంగు కనబడితే జాగ్రత్త పడతారు.

కాబట్టి రాత్రి చింతపండు పూసి పొద్దున తోముదాం అనుకోవద్దు. అయిదు పది నిమిషాలు చాలు. పోకపోతే కడిగి మళ్ళీ కొత్తగా పూయండి. బజారు పొడులకైనా ఇదే లెక్క. ఉప్పు అంచుల్లో, నగిషీల సందుల్లో మిగిలితే మళ్ళీ కిలుము అక్కడే మొదలవుతుంది. చివర తినే సోడా కలిపిన నీళ్ళతోనో, కుంకుడు పులుసుతోనో కడిగి, మంచినీళ్ళతో తొలిచి, పొడిబట్టతో తుడిచి ఎండలో కాసేపు బోర్లించండి. కొత్తగా కొన్న షోకేసు బొమ్మలకు పైన వార్నిష్ లాంటి పూత ఉంటుంది. వాటికి పులుపు వద్దు, మెత్తటి తడిబట్ట చాలు.

వానాకాలంలో చిట్లిన తూటాలు

ఇప్పుడు ఇత్తడికి తగలకూడని దాని కథ. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశంలో బ్రిటిష్ సైన్యానికి ఒక విచిత్రమైన ఇబ్బంది వచ్చింది. వానాకాలంలో తూటాలను గుర్రపు సాలల్లో దాచేవారు. వానలు వెలిసి బయటికి తీస్తే, ఎవరూ ముట్టని తూటాల డొల్లలకు కూడా నెర్రెలు! వానాకాలం వచ్చినప్పుడే జరిగేది కాబట్టి దీనికి ఇంగ్లీషులో 'సీజన్ క్రాకింగ్' అనే పేరు పడింది. అసలు సంగతి 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు, గాలిలో తేమ, గుంజి అచ్చుపోసినప్పుడు డొల్లలో మిగిలిపోయిన బిగువు – ఈ మూడూ కలిసి ఇత్తడిని చీల్చేస్తున్నాయి.

ఇది గుర్రాల కాలపు ముచ్చట అనుకోకండి. మన ఊళ్ళల్లో పాత గంగాళాలు, కొప్పెరలు ఎక్కడ పెడతాం? పశువుల కొట్టం అటక మీద. కోళ్ళ ఫారం ఉన్నవాళ్ళు పక్క గదిలో. పెంటలోంచి, మూత్రంలోంచి వచ్చే ముక్కు పగిలే ఘాటు అమ్మోనియాదే. సుత్తితో కొట్టి సాగదీసిన బిందెలోనూ ఆ బిగువు ఉంటుంది. అమ్మమ్మ నాటి బిందె ఎవరూ కింద పడేయకుండానే మెడ దగ్గర నెర్రెబారితే, దాన్ని ఎక్కడ దాచారో ముందు చూడండి. ఇత్తడిని ఇంట్లో, పొడిగా ఉండేచోట పెట్టండి. అద్దాలు తుడిచే కొన్ని ద్రావకాల్లో కూడా అమ్మోనియా ఉంటుంది. వాటితో ఇత్తడి తుడవకండి.

ఈ బిగువు పోవడానికి మందు వేడి. డొల్లలవాళ్ళు మూతి భాగాన్ని కాసేపు కాల్చి మెత్తబరుస్తారు. లేకపోతే నాలుగైదు సార్లు వాడేసరికి మూతి చిట్లిపోవచ్చు. మన జనగామ దగ్గర పెంబర్తి పనివాళ్ళు కూడా ఇత్తడి రేకును కొట్టడం, గట్టిపడగానే కొలిమిలో కాల్చడం, మళ్ళీ కొట్టడం – ఇలాగే పని చేస్తారు. అది చేయి తిరిగినవాళ్ళ పని. ఇంట్లో స్టవ్వు మీద ప్రయోగాలు వద్దు. కలాయి వేసిన గిన్నెను ఖాళీగా పొయ్యి మీద అసలే పెట్టకండి. కలాయి అంటే తగరం. అది 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ గిన్నె ఆ వేడికి ఇట్టే చేరుతుంది.

కనబడని శత్రువు సీసం

ఇల్లాలు అన్నిటికన్నా గట్టిగా గుర్తు పెట్టుకోవలసింది ఇది. చాలా ప్రైమర్లలో సీసం కలిసిన మందు ఉంటుంది. పేలిన డొల్లకు అంటిన మసిలో ఆ సీసం ఉంటుంది. డొల్లల్ని పొడిగా అదిలిస్తే ధూళై లేస్తుంది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది, కడుపులో బిడ్డకూ మంచిది కాదు. తెలిసినవాళ్ళు ఈ పని ఇంట్లో చెయ్యరు, వంట గిన్నెలు ముట్టుకోరు, ధూళిని చీపురుతో ఊడ్వకుండా తడిబట్టతో తుడుస్తారు. ఇంట్లో షూటింగ్ నేర్చుకునే పిల్లలుంటే, గాలి తుపాకీ గుండు కూడా సీసమే కాబట్టి, రేంజి నుంచి రాగానే సబ్బుతో చేతులు, మొహం కడిగించండి. ఆ తర్వాతే టిఫిను. ఆ బట్టలు చంటిపిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.

ఇదే సీసం మన గిన్నెల్లోకి కలాయి రూపంలో రావచ్చు. తగరం ఖరీదెక్కువ, సీసం చవక. కొందరు రెండూ కలిపి పూస్తారు. కలాయి వేయించేటప్పుడు దగ్గరుండి, తగరం కడ్డీని తెల్ల కాగితం మీద గీసి చూడండి. పెన్సిలు గీతలా నల్లగా పడితే సీసం బాగా ఉన్నట్టే. కొద్దిపాటి కల్తీని ఈ పరీక్ష పట్టదు కాబట్టి నమ్మకమైన మనిషి దగ్గరే వేయించండి.

కలాయి అరిగిన ఇత్తడి గంజులో పులుసు, పప్పుచారు, పెరుగు, పచ్చడి వద్దే వద్దు. గిన్నె తోమడానికి పనికొచ్చిన ఆ పులుపే రాగిని కరిగించి కూరలోకి దింపుతుంది. వాంతులు, కడుపునొప్పి దానివల్లే. అడుగున పసుపు రంగు కనబడిందంటే కలాయి వేళయిందని లెక్క.

మన దేశంలో సంగతి

బయటి దేశాల్లో ఇంటి షెడ్డులో నింపుకుంటారు గదా అని ఇక్కడ ఎవరూ సరదా పడకూడదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. పిల్లలకు ఆ ఆట మీద మనసుంటే పద్ధతిగా రేంజిలో, కోచ్ దగ్గర నేర్పించండి.

పాత ఇనుప సామాను కొనేవాళ్ళ బస్తాల్లోనో, పోలీసులు ప్రాక్టీసు చేసే మైదానాల పక్కనో పిల్లలకు ఒక్కోసారి ఇత్తడి తూటాలు దొరుకుతాయి. అడుగున మధ్యలో గుంట పడి, ముందు గుండు లేకపోతే అది పేలిన డొల్ల. గుండు ఇంకా ఉంటే పేలనిదనే అనుకోవాలి. దాన్ని తోమొద్దు, కొట్టొద్దు, పొయ్యి దగ్గరికి తేవద్దు. ఉన్నచోటే వదిలేసి, పిల్లల్ని దూరం పంపి, 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి.