ఇండక్షన్ స్టవ్ కొనాలా? ముందు కరెంటు బిల్లు చూడండి

వరంగల్‌లో ఇండక్షన్ స్టవ్ కొనాలనుకునేవారు దుకాణానికి వెళ్లేముందు కరెంటు బిల్లు తీసి చూడాలి. అసలు లెక్క అక్కడే ఉంది.

14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌తో అయ్యే వంటకు ఇండక్షన్ మీద సుమారు 110 నుంచి 120 యూనిట్లు ఖర్చవుతాయి. గ్యాస్ మంట వేడిలో చాలా భాగం గాలిపాలవుతుంది. ఇండక్షన్‌లో అయస్కాంత క్షేత్రం నేరుగా గిన్నె అడుగునే వేడెక్కిస్తుంది కాబట్టి వృథా తక్కువ. అయినా పొదుపు అందరికీ ఒకేలా ఉండదు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన గృహజ్యోతి పథకం కింద తెల్లకార్డు ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. రూ.500 సిలిండర్ పథకమూ దానితోపాటే వచ్చింది. 180 యూనిట్లు వాడే ఇల్లు వంటంతా ఇండక్షన్‌కు మారిస్తే 200 దాటిపోయి, ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. అలాంటివారికి గ్యాసే మేలు. 60, 70 యూనిట్లతో గడిచిపోయే చిన్న కుటుంబానికి మాత్రం ఇండక్షన్ నిజంగా కలిసొస్తుంది.

ఇక గిన్నెలు. మామూలు అల్యూమినియం, రాగి, మట్టిపాత్రలు పనికిరావు. అడుగున అయస్కాంతం గట్టిగా అంటుకోవాలి. 2000 వాట్ల స్టవ్‌కు 16 ఆంపియర్ల ప్లగ్గు తప్పనిసరి.

పచ్చిపులుసుకు మిరపకాయలు కాల్చాలన్నా, పుల్కా పొంగాలన్నా మంట ఉండాలి. అందుకే పాలు, టీ, అన్నం ఇండక్షన్‌కు అప్పగించి, సిలిండర్‌ను అట్టే ఉంచుకోవడం మంచిది.