మా యింటి మూడువన్నెల యతిథి

గృహిణి కెన్ని పనులున్నను, గడపకడ నిలిచి దీనముగ నరచు చిన్నప్రాణిని త్రోసివేయుటకు ఆమెకు చేతులు రావు. అయితే దయ యొక్కటియే చాలునా? చాలదని మేము కన్నీటితో నేర్చుకొంటిమి. ఆ పాఠమునే నేడు సోదరీమణులకు విన్నవింప దలంచితిమి.

గడచిన శ్రావణమాసమున నొక సాయంకాలము మా వారు పాఠశాలనుండి వచ్చుచు చేతిసంచిలో నొక పిల్లికూనను దెచ్చిరి. పాఠశాల వెనుక కట్టెలగదిలో నొక పిల్లి యీని, మూడు కూనలను ఏడిండ్లు త్రిప్పెనట. రెంటిని విద్యార్థులు కొనిపోగా మిగిలిన దిది. రెండు మాసములు నిండి, తల్లిపాలు మాని, తనంత తాను తినుచున్నదని తెలిసికొన్న పిమ్మటనే తెచ్చితిమని వారనిరి. తెల్లని మేనిపై నొకచోట కాటుకవంటి నలుపు, నొకచోట పండిన నారింజవన్నె. నొసట సగమది, సగమిది. మా పిల్లలు రంగవల్లి యని పేరు పెట్టిరి.

మా అత్తగారు మాత్రము మొగము చిట్లించి, "పిల్లి యెదురైననే ప్రయాణ మాపుకొందుము గదా, అమ్మాయీ! దాని నింటిలోనే పెట్టుకొందుమా?" యనిరి. మేము బదులు పలుకలేదు. వారి మాటలో శకునభయము కొంతయే. మూడేండ్ల క్రిందటి సంగతిని వారును మరువలేదు.

అప్పుడు మా యింట నొక తెల్లకూన యుండెను. ఒక రాత్రి దాని మేను కాలిపోవుచుండెను. మా వారు ఊర లేరు. బిడ్డలకు జ్వరము వచ్చిన నిచ్చు పారసిటమాల్ బిళ్ళలో పావుభాగము నూరి, పాలలో గలిపి, మా చేతులతోనే పోసితిమి. తెల్లవారుసరికి మొగము వాచెను, చిగుళ్ళు గోధుమవన్నెకు దిరిగెను, ఊపిరి బరువయ్యెను. మధ్యాహ్నమునకు ముందే మా యొడిలో కన్నుమూసెను. పిమ్మట పశువైద్యుడు చెప్పగా దెలిసినది. మనుజుల కాలేయము ఆ మందును విరిచి వెలుపలికి పంపగలదు. పిల్లి కాలేయమున కాశక్తి మిక్కిలి తక్కువ. అది రక్తకణములను జెఱచి, ప్రాణవాయువును మోయనీయదు. చిన్నకూనకు పావుబిళ్ళయే విషము. ప్రేమతోనే చంపితిమి.

అందుచే రంగవల్లి విషయమున మేము మొదటినుండియు అడిగి తెలిసికొని నడచితిమి.

క్రొత్తకూనకు మొదటనే యిల్లంతయు చూపరాదు. పెరటివసారా ప్రక్కనున్న చిన్నగదిని దానికి విడిచితిమి. ఒకమూల తిండియు నీరును. దూరముగ మఱియొక మూల ఇసుకతట్ట. నడుమ పాతచీర పఱచిన అట్టపెట్టె. తినుచోటనే మలవిసర్జనము పిల్లికి సరిపడదు. మొదటి రెండు దినములు అది పెట్టె వెడలలేదు. పిల్లలు దానిని లాగి పట్టుకొనక, నేలపై గూర్చుండి పాఠములు చదువుకొనుచుండిరి. మూడవనాడు దానంతట నదియే వచ్చి మా చిన్నవాని లెక్కలపుస్తకముపై గూర్చుండెను.

పిల్లికి పాలు పోయుట మన యలవాటు. తెనాలి రామకృష్ణుని పిల్లి కాగినపాలకు మూతి కాల్చుకొని, పిమ్మట పాలు చూచినంతనే పరుగెత్తిన కథ నెఱుగనివారు లేరు. ఆ పరుగే మేలు! తల్లిపాలు మానిన పిల్లులలో పెక్కింటికి ఆవుపాలలోని చక్కెర నరిగించుకొను శక్తి తగ్గిపోవును; విరేచనములు పట్టును. చిన్నకూన వానికి తాళజాలదు. మంచినీరే తగినది.

మాది శాకాహారపు టిల్లు. పెరుగన్నముతో పెంచుదమని అత్తగారనిరి. ఇక్కడనే మాకు చిక్కు వచ్చెను. టారిన్ అను పదార్థము మాంసాహారమునందే చాలినంత యుండును. పిల్లి దేహము దానిని తగినంత తయారుచేసికొనలేదు. అది లోపించిన కన్నులు చెడునని 1975 లోను, గుండె చెడునని 1987 లోను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మా వారు దీనిని వివరింపగా అత్తగారు కొంతసేపు జపమాల త్రిప్పుచుండి, "ఆవునకు గడ్డి, పిల్లికి మాంసము. దాని ధర్మము దానిది. మన వంటపాత్రలు మాత్రము తాకింపకు, అమ్మాయీ" యనిరి. మఱునాడు రెండు మట్టిమూకుళ్ళను తామే వెదకి తెచ్చియిచ్చిరి. అంగడిలో దొరకు కూనల తిండిని దినమునకు నాలుగుమారులు కొంచెము కొంచెముగ అందులో బెట్టుచున్నాము. ఉల్లి, వెల్లుల్లి తగిలిన యన్నము పిల్లికి విషము. అది దాని దరికి రానీయము.

వారము తిరుగకమున్నే పశువైద్యశాలకు గొనిపోయితిమి. నులిపురుగుల మందు పోయించితిమి. పదునాఱు వారములు నిండువరకు మూడు నాలుగు వారముల కొకమారు టీకా వేయింపవలెను. పండ్రెండు వారములు నిండిన పిమ్మట రేబిస్ టీకా. పిల్లి గీరినను కఱచినను ఆ గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే వైద్యుని జూడవలెనని పిల్లలచే వల్లె వేయించితిమి. నాలుగైదు మాసములకే పిల్లి గర్భము దాల్పవచ్చును గావున, పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్సకు దినము నిర్ణయించుకొంటిమి.

"అమ్మా, దీనికి మూడువన్నె లెట్లు వచ్చినవి?" అని మా పెద్దమ్మాయి యడుగగా మా వారు బొమ్మ వ్రాసి చూపిరి. బొచ్చునకు నారింజవన్నె నొసగు జన్యువు ఎక్స్ అను క్రోమోజోముపై నున్నది. ఆడుపిల్లికి ఎక్స్‌లు రెండు: తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి. పిండము మిక్కిలి చిన్నదిగ నున్నప్పుడే ప్రతికణమును రెంటిలో నొకదానిని నిద్రపుచ్చును. ఏది మేల్కొనియుండునో యాచోట దాని వన్నె. ఈ రహస్యమును 1961 లో మేరీ లయన్ అను ఆంగ్లవిదుషి వెల్లడించెను. తెలుపు వేఱొక జన్యువు పని. మగపిల్లికి ఎక్స్ ఒక్కటే గావున మూడువన్నెల పిల్లులు దాదాపుగ నన్నియు ఆడువియే. 2001 లో అమెరికాలోని టెక్సాసునందు ఒక మూడువన్నెల పిల్లికి ప్రతిరూపమును పుట్టించిరి; ఆ కూనకు నారింజవన్నెయే రాలేదు! ముంగిట వేసిన ముగ్గే యయినను మఱునాడు మరల వేయవచ్చును. ఈ రంగవల్లి మఱి రాదు.

జపానుదేశమున ఇట్టి పిల్లిని శుభశకునముగ నెంచుదురు. వాకయామా ప్రాంతమందలి కిషి అను చిన్న రైలుస్టేషనునకు 2007 లో తమా యను మూడువన్నెల పిల్లిని స్టేషనుమాస్టరుగ నియమించిరి. 2015 లో చనిపోవువరకు అది యా పదవిలో నుండెను. ఈ మాట విని అత్తగారు నవ్విరి గాని, నమ్మినట్లు లేదు.

పోయినవారము రంగవల్లి తిండి మాని మూల ముడుచుకొని పడుకొనెను. ముట్టిచూడగ మేను వెచ్చగ నుండెను. మా చేయి అలవాటుగ మందులపెట్టెవైపు పోయి, నడుమ నిలిచిపోయెను. అత్తగారు చూచుచుండిరి. "అమ్మాయీ, బిళ్ళ లేమియు వలదు. బండి పిలువు" మనిరి. వైద్యుడు తగిన మందిచ్చెను. మూడవనాటికి మూకుడు ఖాళీ చేసెను.

నిన్న ఉదయము అత్తగారు గుడికి బయలుదేరగా రంగవల్లి వారి కడ్డముగ గడపదాటి పోయెను. మేము ఊపిరి బిగబట్టితిమి. వారొకక్షణ మాగి, పూలసజ్జ సవరించుకొని, "ఇంటిపిల్ల యెదురు రాదులే, సాగనంప వచ్చినది" యని మెట్లు దిగిరి.