నదిలోకి వచ్చే సొరచేప

సొరచేప ఎక్కడ వుంటుందని అడిగితే మీరు తడుముకోకుండా "సముద్రంలో" అంటారు. ఆ జవాబుకు మార్కులు పడతాయి గాని, అది పూర్తి నిజం కాదు. నదులలోకి వచ్చే సొరలు కూడా వున్నాయి. మరి భద్రాచలం రేవులో మెట్లు దిగి గోదావరిలో మునిగే పిల్లవాడు సొరచేపకు భయపడవలసిందేనా? దీనికి జవాబు చెప్పాలంటే ముందొక చిక్కు విప్పాలి.

సముద్రపు చేపను మంచినీటిలో వేస్తే ఎందుకు బతకదు? మీ ఇంట్లో మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపి వుంచినప్పుడు చూడండి. మర్నాటికి ముక్కలు ముడుచుకుని, జాడీలో నీరు ఊరివుంటుంది. అదే ఎండు ద్రాక్షపండును మంచినీటిలో వేస్తే నీరు పీల్చి ఉబ్బుతుంది. మధ్య ఒక పలచని పొర అడ్డంగా వుంటే, నీరు ఉప్పు తక్కువగా వున్న వైపునుంచి ఎక్కువగా వున్న వైపుకు పోతుంది. ఉప్పే కానక్కరలేదు, నీటిలో ఏది కరిగివున్నా అంతే. చేప మొప్పల మీద వుండే పొర కూడా ఇటువంటిదే.

సముద్రంలో తాను మామిడి ముక్కలాగా ముడుచుకుపోకుండా సొరచేప ఒక ఉపాయం చేస్తుంది. రక్తంలో యూరియాను నిలవ చేసుకుంటుంది. అవును, వరి మడిలో చల్లే యూరియాయే! మనం దాన్ని మూత్రంలో బయటకు పంపేస్తాం, సొర దాచుకుంటుంది. అందుచేత దాని ఒంట్లో కరిగివున్న పదార్థాలు సముద్రపు నీటితో ఇంచుమించు సమంగా వుంటాయి. ఒడ్డున పడిన సొరచేప కొంతసేపటికి ముక్కు బద్దలయ్యే వాసన కొట్టేది ఇందుకే. ఆ యూరియా అమోనియాగా మారుతుందన్న మాట.

ఇటువంటి చేప నదిలోకి వస్తే ఎండు ద్రాక్షపండు గతే పట్టాలి కద! అందుకే చాలా జాతుల సొరలు నదుల జోలికి రావు. కాని బుల్ షార్క్ అనే జాతి వున్నది. ముఖం మొద్దుగా, ఒళ్ళు దిట్టంగా వుంటుంది. మనం దాన్ని ఎద్దు సొర అని పిలుచుకుందాం. అది మంచినీటిలోకి రాగానే ఉపాయం మార్చేస్తుంది. రక్తంలోని యూరియాను బాగా తగ్గించుకుంటుంది. ఒంట్లోకి చొరబడే నీటిని దాని మూత్రపిండాలు పలచని మూత్రంగా అదేపనిగా తోడిపోస్తాయి. సముద్రంలో అదనపు ఉప్పును బయటకు నెట్టటానికి పేగు చివర ఒక గ్రంథి వుంటుంది. నదిలో దాని పని తగ్గిపోతుంది.

ఇంత తంటా ఎందుకంటే, పిల్లల కోసం. ఎద్దు సొర గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. నదులు సముద్రంలో కలిసేచోటికి వచ్చి కంటుంది. పెద్ద సొరలు చిన్న సొరలను తినేస్తాయి. అవి మంచినీటిలోకి రాలేవు గనక, పిల్లలకు నదే కోట!

ఈ చేపలు ఎంత దూరం ఎగబాకుతాయో వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1937లో అమెరికాలోని మిసిసిపీ నదిలో, ఆల్టన్ అనే వూరి దగ్గర జాలరులకు ఒక ఎద్దు సొర దొరికింది. ఆ చోటికీ సముద్రానికీ మధ్య వున్న దూరం మన గోదావరి మొత్తం పొడవుకన్న, అంటే 1,465 కిలోమీటర్ల కన్న ఎక్కువ. ఆస్ట్రేలియాలో ఇంకా చిత్రం జరిగింది. అక్కడి కార్‌బ్రూక్ అనే చోట గోల్ఫ్ ఆటస్థలంలో ఒక చెరువున్నది. 1990 తరవాత వచ్చిన వరదలలో పక్క నది పొంగి, కొన్ని ఎద్దు సొరలు అందులోకి కొట్టుకువచ్చాయి. వరద తీసింది, దారి మూసుకుపోయింది. అవి ఆ చెరువులోనే దాదాపు 17 ఏళ్ళు బతికాయి!

మధ్య అమెరికాలో నికరాగ్వా అనే పెద్ద సరస్సు వున్నది. అందులోని సొరలు ఒక ప్రత్యేకజాతి అనీ, సముద్రం మొహమే ఎరగవనీ పూర్వం అనుకునేవారు. 1960 తరవాత థామస్ థోర్సన్ అనే శాస్త్రజ్ఞుడు వాటికి గుర్తుబిళ్ళలు కట్టి వదిలాడు. సరస్సులో బిళ్ళ కట్టిన సొరలు కొన్ని సముద్రతీరంలో దొరికాయి. అవి ఎద్దు సొరలే! నదిలోని జోరు ప్రవాహాలకు ఎదురీది సరస్సుకు వస్తూ పోతూ వుండేవి. కాని రెక్కల కోసం మనుషులు వాటిని తెగ వేటాడారు. ఇప్పుడు ఆ సరస్సులో సొర కనబడటమే అరుదు.

మన దేశంలో గంగానది పేరు పెట్టుకున్న సొర ఒకటున్నది. 1839లో ముల్లర్, హెన్లె అనే జర్మన్ శాస్త్రజ్ఞులు దాన్ని వర్ణించారు. హుగ్లీ నదిలో స్నానం చేసేవారిని సొర కరిచిందంటే, నేరం ఈ గంగా సొర మీద వేసేవారు. అందులో చాలా నేరాలు ఎద్దు సొరవే అయివుంటాయని ఇప్పటి శాస్త్రజ్ఞుల అనుమానం. రెండూ చూడటానికి కొంచెం ఒకేలాగా వుంటాయి మరి! పాపం, గంగా సొర ఇప్పుడు అంతరించిపోయే దశలో వున్నది. 2016లో ముంబయిలోని సాసూన్ డాక్ చేపల రేవులో ఒకటి కనబడితే శాస్త్రజ్ఞులు అదే పెద్ద వార్తగా రాసుకున్నారు. దాన్ని పట్టటం మన చట్టప్రకారం నేరం.

ఇక మన గోదావరి సంగతి. సముద్రంనుంచి భద్రాచలానికి దూరం, ఆల్టన్ సొర ఈదిన దూరంలో నాలుగో వంతు కూడా వుండదు. దూరం లెక్కన చూస్తే ఎద్దు సొరకు అదొక ప్రయాణమే కాదు. కాని దారిలో ధవళేశ్వరం వున్నది. 1847లో ఆర్థర్ కాటన్ అక్కడ ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేయించాడు. ఇప్పుడున్నది తరవాత కట్టిన బ్యారేజి. దానికి దిగువన, యానాం, కోరంగి వైపు, సముద్రపు పోటు నదిలోకి ఎక్కుతుంది. ఉప్పునీరూ మంచినీరూ కలిసే ఆ మడ అడవుల పాయలే చేపపిల్లలు పెరిగే చోటు. కాకినాడ జాలరుల వలలలో చిన్న చిన్న పాల సొరలు పడతాయి. వాటితో సొరపిట్టు వండి బాలెంతలకు పెడతారు. బ్యారేజికి పైన మాత్రం సొరకు దారి లేదనే చెప్పాలి. వరదనీటికి ఎదురీదటంలో ఆరితేరిన పులస కూడా చాలావరకు ధవళేశ్వరం దగ్గరే ఆగిపోతుంది. ఆనకట్ట పొలాలకు నీళ్ళిచ్చింది. చేపలకు మాత్రం తలుపు మూసింది.

కనక భద్రాచలం రేవులో సొర భయం అక్కర్లేదు. గోదావరికి భయపడాలి. 1986 ఆగస్టులో అక్కడ నీటిమట్టం 75 అడుగులు దాటింది. 43 అడుగులకే మొదటి హెచ్చరిక ఇస్తారంటే ఆ వరద ఎంతటిదో వూహించుకోండి! కిన్నెరసాని జలాశయం వైపు వెళితే మొసళ్ళున్నాయి, అది వేరే సంగతి.

అయినా ఎవరైనా "మా వూళ్ళో సొర పడింది" అంటే, అది బహుశా వాలుగ అయివుంటుంది. నోరు చెవులదాకా వుండి, కోరపళ్ళలాంటి పళ్ళతో భయంకరంగా వుంటుంది. ఇంగ్లీషువాళ్ళు కూడా దాన్ని మంచినీటి షార్క్ అనేవారు! కాని వాలుగకు మీసాలుంటాయి, ఒళ్ళు నున్నగా జారిపోతుంది, మొప్పల మీద మూత వుంటుంది. సొరకు మీసాలు లేవు, నోరు తలకింద వుంటుంది, తోకవైపునుంచి తలవైపుకు నిమిరితే చర్మం గరుకు కాగితంలాగా గీరుతుంది. మెడ పక్కన మూతలేని మొప్ప చీలికలు అయిదు వుంటాయి. ఈసారి సంతకు వెళ్ళినప్పుడు లెక్కపెట్టి చూడండి.