పాదాలు మరచిపోని క్రిస్మస్

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలో ఎన్నో పట్టణాలలో ‘నట్‌క్రాకర్’ అనే బ్యాలే ఆడుతుంది. మన పాఠకులలో అక్కడ ఉంటున్నవారికి ఇది తెలిసినదే. తెలియనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాం. క్రిస్మస్ ముందురాత్రి ఒక ఇంట్లో విందు. ఆ ఇంటి పాపకు కాయలు పగలగొట్టే కొయ్యబొమ్మ కానుకగా వస్తుంది. అందరూ పడుకున్నాక ఇంట్లోని క్రిస్మస్ చెట్టు అమాంతం పెరిగిపోతుంది. బొమ్మ లేచి ఎలుకల రాజుతో యుద్ధం చేసి, రాకుమారుడై, పాపను మిఠాయిల లోకానికి తీసుకువెళ్తుంది.

ఇందులో బేత్లెహేము లేదు, పశువుల తొట్టి లేదు. దీనిని సువార్తగా చూపించే ఉద్దేశం మాకు లేదు. అయినా ఈ వారం దీని గురించి రాస్తున్నామంటే, కారణం ఇందులో ఒకప్పుడు ఎలుక వేషం వేసిన పిల్లవాడు.

చైకోవ్‌స్కీ సంగీతంతో ఈ బ్యాలే 1892 డిసెంబరులో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, మరిన్‌స్కీ థియేటర్‌లో మొదలైంది. వేదిక మీద పిల్లలు మరీ ఎక్కువయ్యారని అప్పటి విమర్శకులు చిరాకుపడ్డారు. 1913లో తొమ్మిదేళ్ల జార్జ్ బాలన్‌షీన్ అక్కడి నృత్య పాఠశాలలో చేరాడు. ఈ బ్యాలేలో ఎలుకగా, ఎలుకల రాజుగా వేషాలు వేశాడు. 1919లో, పదిహేనేళ్ల వయసులో, రాకుమారుడయ్యాడు. విప్లవం వచ్చి రెండేళ్లయింది. నగరంలో తిండికీ చలిమంట కట్టెలకూ కటకట. తల్లిదండ్రులు దూరాన జార్జియాలో ఉన్నారు. గుర్రపు జీనులు కుట్టేచోట పనిచేసి, మూగ సినిమాలకు పియానో వాయించి పొట్టపోసుకున్న కుర్రవాడు, వేదిక మీద మాత్రం మిఠాయిల లోకానికి రాకుమారుడు!

1924లో అతడు దేశం విడిచాడు. తల్లిదండ్రులను మళ్లీ చూడలేదు. కొన్నేళ్లకే అక్కడి ప్రభుత్వం క్రిస్మస్ చెట్టును కూడా ఇళ్లలో ఉండనీయలేదు. 1935 చివర్లో చెట్టును తిరిగి అనుమతించారు గానీ, అది నూతన సంవత్సరపు చెట్టుగానే. పండుగ పేరు తీసేసి కొమ్మలు మాత్రం ఉంచారన్నమాట.

1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో విల్లమ్ క్రిస్టెన్‌సెన్ ఈ బ్యాలేను పూర్తిగా ప్రదర్శించాలనుకున్నప్పుడు, బాలన్‌షీన్, ఆయనతో కలిసి చదువుకున్న అలెగ్జాండ్రా డానిలోవా తమకు గుర్తున్నదంతా కూర్చుని చెప్పారు. పదేళ్ల తర్వాత, 1954 ఫిబ్రవరిలో, బాలన్‌షీన్ న్యూయార్క్ సిటీ బ్యాలే కోసం దానిని తానే రూపొందించాడు. చాలావరకు కొత్తగా కూర్చినా, కొన్నింటిని ముట్టుకోలేదు. యుద్ధం ఎలా జరిగిందో రాకుమారుడు ఒక్క మాటైనా లేకుండా చేతులతో చెప్పే ఘట్టం ఉంది. అది తాను చిన్నప్పుడు మరిన్‌స్కీలో చేసినదే. గుండ్రటి వలయం పట్టుకుని దూకే నాట్యం కూడా అక్కడ తాను ఆడినదే. చెట్టుకు ఖర్చు విపరీతం అవుతోంది, చెట్టు లేకుండా కానివ్వలేమా అని అడిగితే, ఈ బ్యాలే అంటేనే చెట్టు అన్నాడని చెబుతారు. ఇప్పుడు ఆ వేదిక మీద చెట్టు 41 అడుగుల ఎత్తు పెరుగుతుంది. చెట్టు కోసం అంత డబ్బా అని మాకూ మొదట అనిపించింది. పోగొట్టుకున్న ఇంట్లో దీపం అది అని అర్థమయ్యాక ఆ మాట అనబుద్ధి కాలేదు.

మన సంఘాలలో కూడా ఈ రోజుల్లో సాయంత్రాలు రిహార్సళ్లు జరుగుతున్నాయి. మాటలున్న వేషాలు చురుకైన పిల్లలకు పోతాయి. మిగిలినవారికి తువ్వాలు తలకు చుట్టి, గొర్రెల కాపరులని చెప్పి ఓ మూల నిలబెడతాం. కార్యక్రమం ఆలస్యమైతే ముందు కత్తిరించేది కూడా వారి భాగాన్నే. ఆ మూల నిలబడ్డ పిల్లవాడు ఏమి చూస్తున్నాడో, ఏది దాచుకుంటున్నాడో టీచర్లు ఒకసారి ఆలోచిస్తే బాగుంటుంది.

1958 క్రిస్మస్ రాత్రి ఈ బ్యాలే అమెరికా టెలివిజన్‌లో వచ్చింది. పాపకు కొయ్యబొమ్మ తెచ్చి ఇచ్చే ముసలి జ్ఞానతండ్రి పాత్రను ఆ రోజు బాలన్‌షీన్ తానే వేశాడు.