బహుముఖ ప్రజ్ఞాశాలిని భానుమతీ రామకృష్ణ

పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నలుగురు ఆడవాళ్ళు చేరి అత్తాకోడళ్ళ ముచ్చట మొదలుపెడితే, వారిలో ఎవరికో ఒకరికి భానుమతి గుర్తుకు రాక మానదు. ఒకరు 'మల్లీశ్వరి'లో ఆమె పాటల గురించి చెబుతారు. ఇంకొకరికి 'మంగమ్మగారి మనవడు'లో పెత్తనం చేసే నాయనమ్మ ఇష్టం. చదువుకునే అలవాటున్న పెద్దావిడ అయితే "ఆవిడ రాసిన అత్తగారి కథలు చదివారా?" అని అడుగుతుంది. ముగ్గురూ మాట్లాడేది ఒకే మనిషి గురించి. ఒకరికి ఆమె గాయని, మరొకరికి నటి, వేరొకరికి రచయిత్రి.

పొట్ట చేతబట్టుకుని తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళను నమ్ముకుని రాయచూరు జిల్లాకు వచ్చి క్యాంపుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, కవితాళ పరిసరాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువారు తమ భాషను నిలుపుకున్నది ఎక్కువగా రేడియో పాటల వల్ల, సినిమాల వల్ల, వారపత్రికల వల్ల. ఆ మూడింటిలోనూ వినిపించిన, కనిపించిన పేరు భానుమతి. 2025 నాటికి ఆమె పుట్టి నూరేళ్ళు నిండాయి. ఆమె జీవితాన్ని ఒకసారి తలచుకోవడానికి ఇది తగిన సందర్భం.

ఇంగ్లండులో రంగస్థలం మీద పాడి, ఆడి, వాద్యం వాయించి, నవ్వించి, కార్యక్రమం మొత్తాన్ని ఒంటిచేత్తో నడిపించే కళాకారులను 'ఆల్ రౌండ్ ఎంటర్‌టైనర్' అంటారు. 1932లో పుట్టి 1994లో కన్నుమూసిన రాయ్ క్యాజిల్ అలాంటివాడు. ట్రంపెట్ వాయించేవాడు, కాళ్ళతో తాళం వేస్తూ నాట్యం చేసేవాడు, పాడేవాడు, పిల్లల కోసం టెలివిజన్ కార్యక్రమం నడిపేవాడు. మనకు ఈ ఊహ కొత్తది కాదు. ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుంచి అడిగినా తొణకకుండా జవాబు చెప్పే అష్టావధానిని చూసి ముచ్చటపడిన జాతి మనది. సినిమా రంగంలో అటువంటి అవధానం చేసిన మహిళ భానుమతి.

ఒంగోలు దగ్గర పల్లె నుంచి

భానుమతి 1925 సెప్టెంబరు 7న ఒంగోలు సమీపంలోని దొడ్డవరంలో జన్మించారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీతప్రియులు. కూతురికి తొలి గురువు ఆయనే. ఆడపిల్ల సినిమాల్లో వేషం వేయడమంటే పరువు తక్కువగా భావించే రోజులవి. అయినా పదమూడేళ్ళ ప్రాయంలో ఆమెకు 'వరవిక్రయం'లో కాళింది వేషం వచ్చింది. కాళ్ళకూరి నారాయణరావు వరకట్న దురాచారం మీద రాసిన నాటకానికి చిత్రరూపమది. దర్శకులు సి. పుల్లయ్య. 1939లో విడుదలైంది. కట్నపు పెళ్ళి ఇష్టం లేక ప్రాణం తీసుకునే పిల్ల కాళింది. ఒప్పుకునే ముందు తండ్రి ఒక షరతు పెట్టారు. ఏ నటుడూ తన కూతురిని కౌగలించుకునే సన్నివేశం ఉండకూడదన్నారు. నిర్మాతలు ఒప్పుకున్నారు. తర్వాతి రోజుల్లో ఆమెకు 'షరతుల మనిషి' అన్న పేరు వచ్చిందంటే, దానికి బీజం ఇక్కడే పడిందనుకోవాలి.

1943లో 'కృష్ణప్రేమ' చిత్రీకరణ సమయంలో ఆ చిత్రానికి సహాయ దర్శకుడిగా ఉన్న పి.ఎస్. రామకృష్ణారావుతో పరిచయమైంది. అప్పటికే ఆమె పేరున్న నటి. ఆయనది కొద్దిపాటి జీతం. పెద్దల అభ్యంతరాలను దాటి అదే ఏడాది ఆగస్టు 8న పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళయ్యాక నటన మానేసి ఇల్లు చూసుకోవాలన్నది ఆమె కోరిక. అయితే బి.ఎన్. రెడ్డి 'స్వర్గసీమ' కోసం ఆమెను ఒప్పించారు. వీధుల్లో ఆడిపాడే సుబ్బి, సుజాతాదేవిగా మారి ఒక పచ్చని సంసారంలో చిచ్చుపెట్టే పాత్ర అది. 1945లో విడుదలైన ఆ చిత్రంలో పావురాన్ని పిలుస్తూ ఆమె పాడిన పాట తెలుగునాట మారుమోగింది. ఇల్లాలిగా మిగిలిపోదామనుకున్న అమ్మాయిని ఆ ఒక్క పాట తిరిగి సినిమా లోకానికి కట్టేసింది.

ఇంటి పేరున కంపెనీ

ఆమె కథలో అసలు మలుపు 1947 ప్రాంతంలో వచ్చింది. భార్యాభర్తలిద్దరూ కలిసి కొడుకు భరణి పేరున 'భరణీ పిక్చర్స్' ప్రారంభించారు. ఆ తర్వాత మద్రాసులో అదే పేరుతో స్టూడియో కట్టారు. నటీమణులు నిర్మాతలు పిలిస్తే వెళ్ళి, ఇచ్చిన వేషం వేసి, ఇచ్చిన డబ్బు తీసుకునే కాలంలో ఒక నటి సొంత గడ్డ మీద నిలబడి సినిమా తీయడం చిన్న విషయం కాదు. తొలి చిత్రం 'రత్నమాల' 1948లో వచ్చింది. 1949లో అక్కినేని నాగేశ్వరరావుతో 'లైలా మజ్ను' తీశారు. 1954లో 'విప్రనారాయణ' వచ్చింది. అందులో భక్తుడిని మోహంలోకి దించి, ఆనక తానే మారిపోయే దేవదేవి పాత్ర ఆమెది. సాలూరి రాజేశ్వరరావు బాణీలకు ఆమె గొంతు, అక్కినేనికి ఏ.ఎం. రాజా గొంతు కలిసి ఆ చిత్రాన్ని నిలబెట్టాయి. జాతీయ స్థాయిలో తెలుగు చిత్రాలకిచ్చే పురస్కారం కూడా దానికి దక్కింది.

అదే ఏడాది వచ్చిన 'చక్రపాణి' అనే హాస్యచిత్రానికి ఆమె సంగీత దర్శకత్వం వహించారు. అంతకు ముందు ఏడాది, 1953లో, 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తానే దర్శకత్వం వహించి తీశారు. అందులో ఆమెది ద్విపాత్రాభినయం. పక్కన కథానాయకుడు ఎన్.టి. రామారావు. రెండు వేషాలు వేస్తూ, తన పాటలు తానే పాడుకుంటూ, మూడు భాషల్లో చిత్రం నడిపించడమంటే మాటలు కాదు. తెలుగులో తొలి మహిళా దర్శకురాలిగా చరిత్ర ఆమెను గుర్తుంచుకుంది. 1982లో అందరూ బాలనటులతోనే 'భక్త ధ్రువ మార్కండేయ'ను కూడా తీశారు.

ఆమెకు తెర మీద వేరొకరి గొంతు అవసరం రాలేదు. నేపథ్య గాయనులు వచ్చి, నటీమణులు పెదవులు కదిపితే చాలనే రోజులు వచ్చినా, తన పాట తానే పాడుకునే పాత పద్ధతిని ఆమె వదలలేదు. కర్ణాటక సంగీతపు పునాది ఉండబట్టే అది సాధ్యమైంది. 1980లలో మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేయడం ఆ విద్వత్తుకు దక్కిన గౌరవం.

మన సీమ కథ 'మల్లీశ్వరి'

రాయచూరు వాసులకు 'మల్లీశ్వరి' మీద మరికాస్త హక్కు ఉంది. 1951లో బి.ఎన్. రెడ్డి తీసిన ఆ చిత్రం శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి కథ. 1520లో రాయలు యుద్ధం చేసి గెలిచిన కోట మన రాయచూరు కోట. తుంగభద్ర ఆవలి గట్టున ఉన్న హంపీ ఆయన రాజధాని. బావ నాగరాజు వేళాకోళానికి "పల్లకీ పంపండి" అన్న మాటను మారువేషంలో ఉన్న రాయలు విన్నారు. పల్లకీ నిజంగానే వచ్చి మల్లిని అంతఃపురానికి ఎత్తుకుపోయింది. ఆ పల్లకీ గుమ్మంలో దిగినప్పుడు తల్లి ఆశ, పిల్ల దిగులు, ఎదురు చెప్పలేని నిస్సహాయత అన్నీ మన కళ్ళ ముందుంటాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, పాటలు, రాజేశ్వరరావు సంగీతం, ఘంటసాల గొంతు, భానుమతి గొంతు కలిసి ఆ చిత్రానికి ఎన్నటికీ వాడని అందాన్నిచ్చాయి. హంపీ చూడడానికి వెళ్ళే పిల్లలకు ముందు ఈ చిత్రం చూపిస్తే అక్కడి రాళ్ళు వేరేగా కనిపిస్తాయి.

కన్నడిగులతోనూ ఆమెకు కళాబంధం ఉంది. కర్ణాటక ముఖ్యమంత్రి దేవరాజ్ అరసు సోదరుడు కెంపరాజ్ అరసు దర్శకత్వంలో, ఆయన సరసనే 'నలదమయంతి' (1957)లో దమయంతిగా నటించారు. తమిళంలో శివాజీ గణేశన్‌తో 'అంబికాపతి' (1957), ఎం.జి. రామచంద్రన్‌తో 'నాడోడి మన్నన్' (1958) వంటి చిత్రాలు చేశారు. అన్నాదురై అంతటివారు ఆమెను 'నటనకు వ్యాకరణం' అని మెచ్చుకున్నారు.

క్షమాపణ రాయని చేయి

భానుమతి పేరెత్తగానే "గర్వం ఎక్కువ" అనేవారు కూడా ఉంటారు. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 'మిస్సమ్మ'. ఆ చిత్రంలో కథానాయికగా ముందు తీసుకున్నది భానుమతినే. కొన్ని రీళ్ళ చిత్రీకరణ కూడా జరిగింది. వరలక్ష్మీ వ్రతం రోజున ఆమె ఆలస్యంగా వచ్చారని నిర్మాత చక్రపాణికి కోపం వచ్చింది. క్షమాపణ పత్రం రాసివ్వమన్నారు. ఆమె రాయనన్నారు. అంతవరకు తీసిన భాగాన్ని పక్కన పడేసి, రెండో నాయిక వేషానికి తీసుకున్న సావిత్రికి ప్రధాన పాత్ర ఇచ్చారు. 1955 జనవరిలో విడుదలైన ఆ చిత్రం సావిత్రిని మహానటి పీఠం వైపు నడిపించింది.

ఇందులో ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడం తేలిక కాదు. స్టూడియోలో వందమంది ఎదురు చూస్తుంటే నిర్మాతకు ఒక్కో గంటా డబ్బే. ఇంట్లో పూజ ముగించుకుని వచ్చిన ఇల్లాలికి, తాను కూడా ఒక కంపెనీకి యజమానురాలై ఉండగా తలవంచుకుని కాగితం మీద సంతకం పెట్టడం అవమానం. ఒకటి మాత్రం నిజం. ఆ మొండితనానికి మూల్యం ఆమే చెల్లించారు. తెలుగువారు మరిచిపోలేని ఒక పాత్ర ఆమె చేజారిపోయింది. అదే పని ఒక పురుషుడు చేస్తే 'ఆత్మాభిమానం' అని, ఆడది చేస్తే 'పొగరు' అని పిలిచే అలవాటు మన ఇళ్ళల్లో ఇంకా పోలేదు. ఆమెను తూచే ముందు మన తక్కెడను కూడా ఒకసారి చూసుకోవాలి.

కలం పట్టిన కోడలు

రచయిత్రిగా భానుమతి చేసిన మేలు అత్తగారికి. సూర్యకాంతం పుణ్యమా అని తెలుగు సినిమాలో అత్త అంటే గయ్యాళి అన్న ముద్ర పడిపోయింది. 'అత్తగారి కథలు'లో మాత్రం మనకు ఇంకో అత్తగారు కనిపిస్తుంది. మడి, ఆచారం, పెత్తనం, దానితోపాటే ఒక పసిపిల్ల అమాయకత్వం ఉన్న అత్తగారు. కథ చెప్పేది కోడలు. నవ్వుతుందే గాని ఎకసెక్కం చేయదు. అలా నవ్వాలంటే ఇంట్లో ఉండి, వంటింట్లో తిరిగి, పెద్దవాళ్ళ చాదస్తాన్ని ప్రేమతో భరించి ఉండాలి. ఆ పుస్తకానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆత్మకథ 'నాలో నేను'కు సినిమా గ్రంథాల విభాగంలో జాతీయ పురస్కారం దక్కింది. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ ఆమెను వరించాయి.

వయసు మీద పడ్డాక చాలామంది నాయికలు తెర వెనక్కి వెళ్ళిపోతారు. భానుమతి మాత్రం 1984లో 'మంగమ్మగారి మనవడు'లో నాయనమ్మగా వచ్చి, బాలకృష్ణను అదుపులో పెట్టే పెద్దరికంతో కొత్త తరం ప్రేక్షకులను కూడా మెప్పించారు. 1986లో భర్త రామకృష్ణారావు కన్నుమూశారు. ఆ దుఃఖం తర్వాత కూడా ఆమె పని ఆపలేదు. 2005 డిసెంబరు 24న చెన్నైలో తుదిశ్వాస విడిచారు. భారతీయ సినిమాకు నూరేళ్ళు నిండిన 2013లో ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది.

మనకేమిటి?

మన ఇళ్ళల్లో పాడే పిల్ల బొమ్మలు వేస్తానంటే, కథలు రాసే పిల్ల నాటకం ఆడతానంటే "ముందు ఒక్కటి సరిగ్గా చేయి" అని కసురుతాం. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. భానుమతి కూడా అన్నీ ఒకేసారి పట్టుకోలేదు. ముందు పాట నేర్చారు. పాటను పట్టుకుని నటన, నటన వల్ల వచ్చిన ధైర్యంతో నిర్మాణం, ఆ అనుభవంతో దర్శకత్వం, ఇంటిని చూసిన కంటితో కథలు. ఒక్కో విద్య వెనకటి దాని భుజం మీద నిలబడింది. అందుచేత పిల్లలకు ఒక విద్యలో గట్టి పునాది వేసి, ఆ తర్వాత తలుపులు తెరిచి ఉంచడం పెద్దల ధర్మం.

ఈసారి సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం అందరూ కలిసి 'మల్లీశ్వరి' చూడండి. మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక 'అత్తగారి కథలు'లోంచి ఒక కథ ఎవరైనా పైకి చదవండి. అత్తగారి చేత చదివిస్తే మరీ మంచిది. ఆ కథ రాసిన చేయీ, ముందురోజు విన్న గొంతూ ఒక్కరివేనని పిల్లలకు చెప్పండి.